మాల తీశాక వెళ్లడానికి ఒక చోటు

ప్రశ్న: మాది రాయగడ జిల్లా. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. వయసు 39. పెళ్లికి ముందు నుంచే తాగుతున్నాను. రోజూ రాత్రి క్వార్టర్‌తో ఆపేవాణ్ణి, ఇప్పుడు హాఫ్ దాకా వచ్చింది. పొద్దున్నే చేతులు వణుకుతాయి, కొంచెం పడితే గానీ తగ్గదు. కిందటి సంక్రాంతికి ముందు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసేశాను. కనుమ నాడు అత్తారింట్లో బావమరుదులతో కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. మొన్న ఒక స్నేహితుడు చెబితే వేరే ఊళ్లో ఏఏ (తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం) మీటింగ్‌కి వెళ్లాను. చర్చి వెనక హాల్లో పెట్టారు. అందరూ ఒడియాలో మాట్లాడారు. నాకు ఒడియా బాగానే వచ్చు, కానీ అక్కడ నోరు పెగల్లేదు. పైగా మా వీధి మనిషి ఒకాయన కనిపించాడు. చివర్లో ప్రార్థన చేశారు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ ‘మతం మార్చేస్తారు’ అని గొడవ. నా భార్య మాత్రం మళ్లీ వెళ్లమంటోంది, తనూ వస్తానంటోంది. లేకపోతే అన్నంలో కలిపే పొడి ఏదో ఉందట, అది తెప్పిస్తానంటోంది. మాల వేసుకున్నా మారనివాణ్ణి మీటింగ్ మారుస్తుందా? అసలు నాకు సరిపోయే మీటింగ్ ఏదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

సమాధానం: తమ్ముడూ, మీరు అడిగింది మీటింగ్ గురించి. కానీ పొద్దున్నే చేతులు వణుకుతాయి, కొంచెం పడితే గానీ తగ్గదు అని రాశారే, అది చదివి నాకు భయం వేసింది. ముందు దాని సంగతి చూడాలి.

ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒళ్లు మందుకు అలవాటుపడి ఉంటుంది. పట్టుదలకు పోయి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి లేని మనుషులు కనిపిస్తారు, ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది, జ్వరం, గుండెదడ, ఎక్కడున్నారో తెలియని అయోమయం. మన ఊళ్లలో దాన్ని గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. డాక్టర్లు దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వేళకు ఆసుపత్రికి చేరకపోతే ప్రాణం పోవచ్చు. మాల వేసుకున్నప్పుడు ఏమీ కాలేదు కదా అనుకోకండి. ఇప్పుడు తాగే మోతాదు పెరిగింది. పైగా ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపిన కొద్దీ ఈ లక్షణాలు ముందుకన్నా గట్టిగా రావచ్చు.

కాబట్టి మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరు చూస్తుండగా ఆపండి. రాయగడలో జిల్లా ఆసుపత్రి ఉంది. అక్కడ కుదరకపోతే కొరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, ఆంధ్రా వైపు విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎంత తాగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. హాఫ్ తాగి క్వార్టర్ అని చెబితే మాత్రల లెక్క తప్పుతుంది. వణుకు, ఫిట్స్ రాకుండా కొన్నాళ్లు మాత్రలు, బీ1 విటమిన్ ఇస్తారు. ఆ మాత్రలు వాళ్లు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులే వాడాలి. మందుల షాపులో అడిగి కొనుక్కుని మింగేవి కావు. ఎవర్ని అడగాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, అది మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. మనసు బాగోకపోతే 14416, టెలి మానస్. అందులో తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక మాల. మాల వేసుకున్నా మారలేదని మీ మీద మీరే తీర్పు చెప్పుకున్నారు. ఆ 41 రోజులు ఎలా గడిచాయో ఒకసారి చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒక స్వామి ఇంట్లో పడిపూజ, భజన, అక్కడే అందరితో కలిసి భిక్ష. ఒక పూట రాకపోతే ఎక్కడున్నారు స్వామీ అని గురుస్వామి ఫోన్ చేసి ఉంటారు. నల్లబట్టల్లో ఉన్న మనిషిని ఒక రౌండు వేద్దాం రమ్మని ఎవరూ పిలవరు. తీరా మాల తీసేసరికి సాయంత్రం వెళ్లడానికి చోటు లేదు, ఫోన్ చేసి అడిగే మనిషీ లేడు. పైనుంచి పండగ. మీకు భక్తి చాల్లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీకు తోడు పోయింది, అంతే.

అందుకే మీటింగ్ ఎంచుకునేటప్పుడు ముందుగా చూడాల్సింది ఇదే: 42వ రోజున కూడా ఆ తోడు అక్కడ దొరుకుతుందా? మీరు ఒక వారం రాకపోతే ఫోన్ చేసే మనిషి ఉన్నాడా? హాలు ఎవరిది, ఏ భాషలో మాట్లాడతారు, చివర్లో ఏం చదువుతారు అన్నవి ఆ తరువాత చూసుకోవాల్సినవి.

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులతో మొదలైంది. ఒకాయన షేర్ల వ్యాపారం చేసేవాడు, ఒకాయన సర్జన్. ఎంతమంది చెప్పినా మానలేకపోయినవాళ్లు, ఒకరి సంగతి ఒకరికి చెప్పుకుంటే ఆ రోజుకు తాగకుండా ఉండగలుగుతున్నామని గమనించారు. మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు. తాగుడు మానాలనే కోరిక ఉంటే చాలు, ఇంకే అర్హతా అడగరు.

మీటింగ్ మారుస్తుందా అన్నారు. 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, వాటిలోని 10,565 మందిని కలిపి చూసింది. రోగులను పద్ధతి ప్రకారం ఏఏ మీటింగులకు అలవాటు చేసే చికిత్సలో ఏడాది తరువాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు 42 శాతం, మిగతా చికిత్సల్లో 35 శాతం. నయమే. కానీ అందరికీ పని చేస్తుందని ఆ లెక్క అనడం లేదు. అయినా ఒక్కసారి వెళ్లొచ్చి నాకు సరిపడదు అనడం తొందరపాటు. ఒకే ఊళ్లో రెండు గ్రూపులు ఉంటే ఆ రెండూ ఒకలా ఉండవు. ఒకచోట అంతా సీనియర్లు ఉంటారు, ఒకచోట నిన్నగాక మొన్న మానినవాళ్లే. ఒకచోట ఒకాయన అరగంట తన కథ చెబుతాడు, ఒకచోట పుస్తకంలోంచి ఒక పేజీ చదివి తలా రెండు మాటలు చెబుతారు. ఆరుసార్లయినా, వీలైతే వేర్వేరు గ్రూపులకు, వెళ్లకుండా నిర్ణయానికి రావద్దని పాతవాళ్లు చెబుతుంటారు. నేనూ ఆ మాటే అంటాను.

చర్చి హాలు గురించి మీ అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. సరిహద్దు ఊళ్లలో మతం మాట రాగానే ఇల్లు ఎంత అట్టుడికిపోతుందో తెలుసు. ఏఏ గ్రూపులు ఆస్తులు కూడబెట్టుకోవు. చర్చి హాలో, స్కూలు గదో, ఆసుపత్రిలో ఒక మూలో, సాయంత్రం పూట ఖాళీగా దొరికిన చోట కూర్చుంటారు, చేతనైన అద్దె ఇచ్చుకుంటారు. తాగుడు మానడానికి వాళ్లు పాటించే 12 మెట్లలో దేవుడి మాట వస్తుంది, అయితే ఎవరికి అర్థమైన రీతిలో వాళ్ల దేవుడు అని స్పష్టంగా రాసుకున్నారు. చివర్లో మీరు విన్న ప్రార్థన బహుశా మార్చలేనిది ఒప్పుకునే ప్రశాంతత, మార్చగలిగింది మార్చే ధైర్యం, ఆ రెంటికీ తేడా తెలిసే వివేకం ఇమ్మని అడిగేది. దాన్ని రాసింది అమెరికాలో ఒక క్రైస్తవ పండితుడని చెబుతారు, అది దాచక్కర్లేదు. కానీ అందులో ఏ మతం పేరూ లేదు. మీరు మనసులో అయ్యప్ప శరణు చెప్పుకుంటూ నిలబడవచ్చు, లేదా ఊరికే నిలబడవచ్చు. ఒకవేళ ఏ గ్రూపులోనైనా ఫలానా మతంలోకి వస్తేనే తాగుడు పోతుందని ఎవరైనా అంటే, అది వాళ్ల నియమాలకే విరుద్ధం. ఆ గ్రూపుకి మళ్లీ వెళ్లకండి. అమ్మగారికి ఇదంతా మీరే విడమరిచి చెప్పండి. కోడలి చేత చెప్పిస్తే గొడవ ఇంకో దారి పడుతుంది.

భాష దగ్గర మీకు వచ్చిన ఇబ్బంది చిన్నదేం కాదు. ఫోర్‌మన్‌తో, బజార్లో, బ్యాంకులో మీకు ఒడియా చాలు. కానీ ‘పిల్ల స్కూలు ఫీజు డబ్బులు తాగేశాను’ అన్న మాట ఇంట్లో మాట్లాడే భాషలో తప్ప బయటికి రాదు. తెలుగు మీటింగ్ మీకు అవసరమే. మీకో సౌకర్యం ఉంది: రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం ఒకే రైలు లైను మీద ఉన్నాయి. ఇది చదివే గుణుపురం వాళ్లకు నౌపడా లైను, పర్లాకిమిడి వాళ్లకు పక్కనే పాతపట్నం, బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురం, అక్కణ్ణుంచి శ్రీకాకుళం. ఏ ఊళ్లో ఏ రోజున ఏ భాషలో మీటింగ్ ఉందో ఏఏ ఇండియా వెబ్‌సైటులో, వాళ్ల హెల్ప్‌లైనులో అడగండి. గదులు, వేళలు మారిపోతుంటాయి, కాబట్టి బయల్దేరే ముందు ఆ గ్రూపు మనిషికి ఫోన్ చేసి రూఢి చేసుకోండి. 2020 లాక్‌డౌన్ తరువాత ఫోన్లో జరిగే ఆన్‌లైన్ మీటింగులు బాగా పెరిగాయి. తెలుగులో ఏవి నడుస్తున్నాయో అదే ఫోన్‌కాల్‌లో అడగండి.

అయితే దూరం మీటింగ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. విజయనగరం మీటింగ్ ఎంత నచ్చినా, నెలకోసారి వెళ్లగలిగిన చోటు మంగళవారం రాత్రి మీ పక్కన ఉండదు. మనసు విప్పుకోవడానికి తెలుగు మీటింగ్, వారం వారం మొహం చూపించడానికి దగ్గర్లోని ఒడియా మీటింగ్, రెండూ పెట్టుకోండి. ఒడియా మీటింగ్‌లో మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఈ రోజు వింటాను అని ఒక్క మాట చెబితే పక్కవాళ్లకు వంతు వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు తెలుగులోనే చెప్పేస్తానని అడిగి చూడండి. రాయగడ వైపు ఒడియా వాళ్లకు తెలుగు చెవిన పడనిదేమీ కాదు.

మీ వీధి ఆయన సంగతి. ఆయన కూడా అక్కడికి తాగుడు మానడానికే వచ్చారు. మిమ్మల్ని చూసి ఆయనకూ అంతే టెన్షన్ పట్టుకుని ఉంటుంది. అక్కడ ఎవరిని చూశామో, ఏం విన్నామో గడప దాటనివ్వకూడదన్నది వాళ్ల కట్టుబాటు, అనానిమస్, అంటే పేరు బయటపెట్టనివాళ్లు, అని పేరు పెట్టుకున్నదే అందుకు. ఎవరైనా దాన్ని తప్పితే గ్రూపులో పెద్దవాళ్లకు చెప్పండి, గ్రూపు మారండి. ఇంకో మాట అంటాను, నొచ్చుకోకండి. మీరు తాగుతారని వీధికి ఇప్పటికే తెలుసు. మానడానికి వెళ్తున్నారని తెలిస్తే పోయే పరువు ఏమీ లేదు. రాత్రి పదిన్నరకు తాగాలని పీకుతున్నప్పుడు నాలుగిళ్ల అవతల మీ బాధ తెలిసిన మనిషి ఉండటం కన్నా మంచి ఏర్పాటు నాకు తోచడం లేదు. ఆయన్ని తప్పించుకు తిరగకండి, వెళ్లి పలకరించండి.

బయటివాళ్లను కూడా రానిచ్చే ఓపెన్ మీటింగుల్లో నేను కూర్చున్నాను. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు వేలాడే గుడ్డ మీద 12 మెట్లు, ఒక మూల ఫ్లాస్కులో టీ. ఒకరు లేచి పేరు, తను ఆల్కహాలిక్ అన్న ఒక్క మాట చెబుతారు, మిగతావాళ్లు పేరు పెట్టి పలకరిస్తారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, సలహా ఇవ్వరు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది, కొత్తవాళ్లు అందులో ఏమీ వేయక్కర్లేదు. ఇది ఎక్కడైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. గ్రూపు ఎలాంటిదో నాకు తెలిసేది మీటింగ్ అయిపోయిన తరువాత పది నిమిషాల్లో. ఒక గ్రూపులో ఆ రోజే మొదటిసారి వచ్చిన కుర్రవాడు చెప్పులు వెతుక్కుంటుంటే ఒక పెద్దాయన టీ గ్లాసు చేతికిచ్చి, ‘నీ నంబరు కాదు, నా నంబరు రాసుకో. తాగాక కాదు, తాగే ముందు చెయ్యి’ అన్నాడు. అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇప్పించి, వచ్చిందో లేదో చూసుకున్నాడు. అలాంటి మనిషి ఉన్న గ్రూపుకి హాలు ఎలా ఉన్నా వెళ్లొచ్చు. టీ దగ్గర కొత్తవాణ్ణి గోడకు వదిలేసి, పాతవాళ్లంతా గుంపుగా కబుర్లు చెప్పుకునే చోట మీకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఇంకొన్ని చూడండి. ఏళ్ల తరబడి మానేసినవాళ్లు, నెల రోజులవాళ్లు ఇద్దరూ ఉన్నారా? అందరూ కొత్తవాళ్లే అయితే దారి చూపేవారుండరు. మీలాంటి తాగుడు కథ ఒక్కటైనా వినిపించిందా? జీతం రోజు, అత్తారిల్లు, డ్యూటీ దిగాక తోటివాళ్లతో షాపు దగ్గర ఆగడం, ఇవి తెలిసిన మనిషి మీకు కావాలి. కుదురుకున్నాక వాళ్లలో ఒకరిని స్పాన్సర్‌గా ఉండమని అడగవచ్చు, ఆయన మీకు గురుస్వామిలాంటివాడు. డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా మత్తే, మానెయ్యి అని ఎవరైనా అంటే వినకండి, మందుల విషయం చెప్పడం ఏఏ పని కాదు. డబ్బు అప్పు అడిగేవాళ్లు, ఫలానా సెంటరులో చేర్పిస్తానని బేరం పెట్టేవాళ్లు కనిపిస్తే దూరంగా ఉండండి.

షిఫ్టు మాట మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ, నా లెక్కలో అదే పెద్ద చిక్కు. బీ షిఫ్టు వారం సాయంత్రం మీటింగ్ దొరకదు, పది గంటలకు గేటు దాటేసరికి ఒంటరిగా ఉంటారు. పొద్దున షిఫ్టు వారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి దాకా ఖాళీ. షిఫ్టును బట్టి ముందే ప్లాను వేసుకోండి: బీ షిఫ్టులో పొద్దున పూట ఒక ఆన్‌లైన్ మీటింగ్, గేటు దాటగానే ఇల్లు చేరేదాకా ఎవరికో ఒకరికి ఫోన్. పొద్దున షిఫ్టులో దగ్గర్లోని ఒడియా మీటింగ్. వారపు సెలవు రోజున రైలెక్కి తెలుగు మీటింగ్.

అన్నిచోట్లకూ తిరిగినా ఏఏ మీ ఒంటికి పడకపోతే అది నేరమేం కాదు. కేంద్ర ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే డీ అడిక్షన్ కేంద్రాలు ఉన్నాయి, చికిత్స తరువాత కూడా రమ్మని పిలిచి కనిపెట్టుకుని ఉంటాయి. మీకు దగ్గర్లో ఏది ఉందో 14446లో చెబుతారు.

చివరగా మీ ఆవిడ సంగతి. ఆ పొడి మాత్రం వద్దని ఆమెకు ఈ ఉత్తరం చూపించండి. గోడల మీద, బస్సుల మీద ప్రకటనలు ఇచ్చే పొడుల్లో ఏం కలుపుతారో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరామ్ అనే మందు ఒకటి నిజంగానే ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం కందిపోయి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే డాక్టర్లు తాగే మనిషికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. తెలియకుండా అన్నంలో కలిపితే హాఫ్ తాగి వచ్చిన రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో ఆమె ఊహించుకోవాలి. ఆమె ఆ దాకా వెళ్లిందంటే ఎంత విసిగిపోయిందో మీరు ఊహించుకోవాలి.

తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉన్నాయి. 1951లో, ఏఏ మొదలుపెట్టినవాళ్లలో ఒకాయన భార్య ఇంకొకావిడతో కలిసి మొదలుపెట్టింది. మీరు మానినా మానకపోయినా మీ ఆవిడకు అది పనికొస్తుంది. మొగుణ్ణి ఎలా మాన్పించాలో అక్కడ నేర్పరు. సీసాలు వెతకడం, ఫ్యాక్టరీకి ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, రాత్రంతా గుమ్మంలో కూర్చోవడం, వీటి నుంచి ఆమె ఎలా బయటపడాలో మాట్లాడుకుంటారు. మీతో కలిసి వస్తానంటే రానివ్వండి, కానీ ఓపెన్ మీటింగ్‌కే రావచ్చు. క్లోజ్డ్ మీటింగ్‌లో తాగుడు సమస్య ఉన్నవాళ్లే కూర్చుంటారు. ఏది ఓపెనో ఫోన్ చేసినప్పుడే అడగండి. ఆమెను తీసుకెళ్లిన రోజు ఆమె ముందు ఏం చెప్పాలా అని సంకోచం కలిగితే ఆ రోజుకు వినేసి రండి. మీ నోటితో మీరు చెప్పాల్సినవి క్లోజ్డ్ మీటింగ్‌లో, ఆమె లేని రోజున చెప్పుకోండి.